పేరు కొట్టిన లోటాలు

మొన్న ఆదివారం మా అమ్మాయి బలవంతం మీద చిక్కబళ్ళాపురలో కొత్తగా తెరిచిన ఒక పెద్ద అంగడికి వెళ్ళాను. అంగడి అన్నానే గానీ మన కాలం అంగడి కాదు. లోపల చలి, నున్నటి నేల మీద ఎక్కడ జారి పడతానోనన్న భయం, ఏది కావాలన్నా ఎవరిని అడగాలో తెలియదు, అడిగినా వాళ్ళకీ తెలియదు. మోకాళ్ళ నొప్పితో ఆ వరుసల మధ్య నడిచి నడిచి తల ప్రాణం తోకకొచ్చాక, నాకు కావలసిన వేడినీళ్ళ ఫ్లాస్కు ఒకటి దొరికింది. దాని కింద అర అంచుకు అతికించిన చీటీలోని ధర కూడా నాకు నచ్చింది. తీరా బిల్లు వేసే చోటికి వస్తే ఆ ధర కాదు, ఇంకా ఎక్కువ. బల్ల వెనుక నిలబడిన పిల్ల, పాపం పొద్దున్నుంచీ నిలబడే ఉన్నట్టుంది, నా ముఖమైనా చూడకుండా "అది పాత చీటీ ఆంటీ, సిస్టమ్‌లో ఇదే ఉండాది" అనేసింది.

మా అమ్మాయి ఊరుకునే రకం కాదు. కన్నడంలో మొదలుపెట్టి తెలుగులోకి దిగింది. కోపం వస్తే మా ఇంట్లో అందరమూ తెలుగులోకే దిగుతాం. చీటీలో ఒక ధర వేసి బిల్లులో ఇంకొక ధర వేయడం మోసమేనని, గ్రాహకుడికి, అంటే కొనేవాడికి, చట్టం ఉందని, చీటీలో ఉన్న ధరకే ఇచ్చి తీరాలని వాదించింది. మేనేజరు అబ్బాయి వచ్చాడు, నవ్వాడు, సారీ అన్నాడు, కావాలంటే తీసుకోండి లేకపోతే వదిలేయండి అని చెప్పి తన దారిన తాను పోయాడు. అమ్మాయి చీటీకి ఫోటో తీసింది. నేను మాత్రం "వదిలేయే తల్లీ, కాళ్ళు లాగతాండాయి" అన్నాను. ఆ ఫ్లాస్కును తీసుకుపోయి మళ్ళీ అదే చోట, అదే చీటీకి పైన పెట్టేశారు. మేము ఇంకా గడప దాటలేదు, ఇంకొకామె దాన్ని చేతిలోకి తీసుకుని ధర చూసి సంతోషపడుతూ ఉంది.

ఆటోలో కూర్చున్నాక అమ్మాయి ఫోనులో ఫిర్యాదు రాస్తూ, నీకు కోపమే రాదా అమ్మా అని అడిగింది. రాకేమి, వచ్చింది. వచ్చి వచ్చి ఆ కోపానికి కూడా నా మోకాళ్ళలాగే నొప్పులు పట్టుకున్నాయి. అమ్మాయికి ఏమని చెప్పను? ఆ ఫ్లాస్కు మీద ఎవరి పేరూ లేదు కాబట్టి అంత సులభంగా వెనక్కి పెట్టేశారే అని అనుకుంటూ కూర్చున్నాను. ఈ మాట మా అమ్మాయికి అర్థం కాదు. నా ఈడువాళ్ళకు, స్టీలు సామాన్ల మీద పేర్లు కొట్టించుకున్న కాలం చూసినవాళ్ళకు అర్థమవుతుంది.

ఓపిక ఉంటే మీ అటక ఒకసారి వెతికి చూడండి. అడుగున నల్లబడిన బోగుణి మీద మేనత్త పేరుంటుంది, పెళ్ళికి చదివించిన పళ్ళెం మీద పిన్నమ్మ మొగుడి పేరు ఇంటిపేరుతో సహా ఉంటుంది, గృహప్రవేశానికి పంచిన గిన్నె మీద ఎవరో తెలియని దంపతుల పేర్లుంటాయి. పెళ్ళిళ్ళకీ తిథులకీ ఇరుగుపొరుగు ఇళ్ళనుంచి సామాన్లు ఎరువు తెచ్చుకునే రోజుల్లో ఎవరిది ఎవరికి చేరాలో చెప్పేది ఆ పేరే. పేరు లేని గిన్నె అంటే మాకు దిక్కులేని గిన్నె కిందే లెక్క.

నేను పుట్టింది బాగేపల్లిలో. చదివింది కన్నడం బడిలోనే అయినా, తెలుగు అక్షరాలు మా అవ్వ ఇంట్లోనే కూర్చోబెట్టి దిద్దించింది, అందుకే ఈ నాలుగు మాటలైనా రాయగలుగుతున్నాను. పెళ్ళయి చింతామణికి కాపురానికి వచ్చాను. మా మామగారికి బజారులో స్టీలు సామాన్ల అంగడి ఉండేది. అంతకు ముందు అక్కడ ఒక ముసలాయన ఉలితో, చిన్న సుత్తితో చుక్కలు చుక్కలుగా పేర్లు కొట్టేవాడట. మా ఆయన బెంగళూరు నుంచి కరెంటుతో పేర్లు కొట్టే మిషను తెచ్చేసరికి, ఆ జుయ్యిమనే శబ్దం తన చెవులకు పడదని ఆ ముసలాయన రావడం మానేశాడు. అప్పుడు మామగారి కన్ను నా చేతిరాత మీద పడింది. కోడలిని అంగడిలో కూర్చోబెట్టారని బంధువులు మూతులు ముడుచుకున్నారు గానీ, కోడలికి జీతం ఇవ్వక్కర్లేదన్న సంగతి మామగారు బాగా ఎరిగినవారు. అలా అంగడి మూలలో ఒక పీట, ఒక బల్బు, ఒక మిషను, నేను. తెలుగులో కావాలంటే తెలుగులో, కన్నడంలో కావాలంటే కన్నడంలో, ఎన్ని ఇళ్ళ పేర్లు రాశానో దేవుడికే తెలియాలి.

మా అంగడిలో ఒక వరస ఉండేది. కావలసిన సామాను ముందు ఏరుకోవాలి, తర్వాత అది నా దగ్గరికి వస్తుంది, పేర్లు కొట్టాక మామగారి గద్దె ముందున్న తక్కెడలోకి పోతుంది. స్టీలు తూకం మీద అమ్మేవారు కదా, ధర అనేది అక్కడ, మామగారి నోటి నుంచే రావాలి. ఆయన తప్ప ఇంకెవరూ ధర పలకకూడదు. పేరు కొట్టడం ఉచితం. దానికి తోడు గోడ మీద ఒక బోర్డు, పైన కన్నడంలో, కింద తెలుగులో: పేరు కొట్టిన సామాను వాపసు తీసుకోబడదు. మంచి వరసే, ఎన్నో ఏళ్ళు చిక్కు లేకుండా నడిచింది. ఆ ఒక్క రోజు మాత్రం అది మా మెడకే చుట్టుకుంది.

ఏటా కార్తీకంలో, అంగడి తెరిచిన రోజు వచ్చినప్పుడు, కొన్ని వస్తువులు మామూలు కంటే తక్కువ ధరకు ఇస్తామని కరపత్రాలు వేయించేవారు. ఆ ఏడు మా ఆయన ధరలు రాసి ప్రెస్సులో ఇచ్చి, సరుకు తెచ్చేందుకు బెంగళూరు వెళ్ళిపోయాడు. ప్రెస్సువాళ్ళు కిందటేటి అచ్చునే తీసి, తారీఖు మాత్రం మార్చి, ధరలు మార్చకుండా కొట్టేశారు. ఆ ఏడాదిలో స్టీలు ధర ఎంతో పెరిగి కూర్చుంది. కట్టలు కట్టలుగా ఆ గులాబి రంగు కాగితాలు ప్రెస్సు నుంచి నేరుగా బస్సెక్కి చేళూరుకూ బాగేపల్లికీ వెళ్ళిపోయాయి. మా అంగడిలో ఒక్కరమూ వాటిని చూడలేదు.

ఆమె మధ్యాహ్నం వేళ వచ్చింది. నా ఈడుదే, చేళూరు అవతల ఏదో పల్లె. మామగారు భోజనానికి వెళ్ళి ఒక కునుకు తీసే సమయమది. అంగడిలో సామాను చూపించే ముసలి గుమాస్తా, నేను, అంతే. తల్లి పోయి ఏడాదవుతోందట, మర్నాడే తిథి. వచ్చినవాళ్ళకందరికీ తల్లి పేరున ఒక్కొక్క లోటా పంచాలని ఆమె కోరిక. లోటా అంటే మా వైపు నీళ్ళకీ కాఫీకీ వాడే గ్లాసు. అన్నదమ్ములు లేరు, తల్లికి ఈమె ఒక్కతే. లోటాలు ఏరుకుని నా ముందు పోసి, పీట దగ్గరే నేల మీద కూర్చుంది.

గంగులమ్మ జ్ఞాపకార్థం అని కన్నడంలో రాయమంది, మనవళ్ళు చదివేది కన్నడమే కాబట్టి. మొదటి లోటా మీద రాసి చూపిస్తే చాలాసేపు అక్షరాలను వేలితో తడిమి, ఇంకొక మాట అడగనా అమ్మా అన్నట్టు నా ముఖం చూసింది. "మా ఊర్లో పెద్దోళ్ళకి చదువు రాదమ్మా. మా అమ్మ పేరు పక్కన ఒగ కనకాంబరం పూవు ఎయ్యి. అది చూస్తే ఎవురికైనా తెలస్తాది" అంది. గంగులమ్మ ఇంటి ముందు కనకాంబరాల మడి ఉండేదట. అమ్ముకోగా మిగిలినవి సాయంత్రం గడప మీద పెట్టుకుని కూర్చునేదట, ఆ దారిన పోయే ఆడపిల్ల ఎవరైనా సరే తలలో పూవు లేకుండా ముందుకు పోనిచ్చేది కాదట. నాకు అప్పటిదాకా పువ్వులు కొట్టడం అలవాటు లేదు. బండ మీద సుద్దముక్కతో రెండు మూడు సార్లు వేసి చూపించాను, ఆమె తల అడ్డంగా ఊపింది, రేకలు అట్ల ఉండవమ్మా, ఒక పక్కకే విచ్చుకుంటాయి అంటూ తనే వేలితో గీసి చూపించింది. ఆమె గీసినట్టే కొట్టాను.

ఆ మధ్యాహ్నమంతా మిషను జుయ్యిమంటూనే ఉంది, నా వేళ్ళు తిమ్మిరెక్కాయి, ఆమె ఒక్కొక్క లోటా అందిస్తూ ఇది ఫలానా అత్తకు, ఇది అమ్మను ఆస్పత్రికి తీసుకుపోయిన బండి ఆయనకు, ఇది చివరి రోజుల్లో గంజి కాచి ఇచ్చిన పక్కింటామెకు అని చెబుతూనే ఉంది. ఆ ఊరికి నేనెప్పుడూ వెళ్ళలేదు గానీ సాయంత్రానికి ఆ ఊరు నాకు సగం తెలిసిపోయింది. మా అమ్మ కూడా అప్పటికి లేదు. ఎందుకో తెలియదు, ఆ రోజు ఆ పేరు రాస్తుంటే మా అమ్మ పేరే రాస్తున్నట్టు ఉండింది.

మామగారు వచ్చి గద్దె మీద కూర్చున్నారు. లోటాలన్నీ తక్కెడలోకి వెళ్ళాయి. ఆయన మొత్తం చెప్పారు. ఆమె ఆయన ఏదో పరాచికాలాడుతున్నారనుకుని నవ్వింది, నడుము దగ్గర దోపుకున్న గులాబి రంగు కాగితం తీసి మడతలు విప్పి ఆయన చేతిలో పెట్టింది. మామగారు కళ్ళద్దాలు పెట్టుకుని చదివారు. ఆయన ముఖంలో రంగు మారడం నా మూల నుంచే చూశాను.

"ఇది పోయిన సంవత్సరం రేటమ్మా. ప్రెస్సోళ్ళు తారీఖు మార్చి రేటు మార్చకుండా కొట్టేసిండారు. అచ్చుతప్పు" అన్నారు.

"తప్పు మీది గాకపోతే నాదాప్పా?"

"ప్రెస్సోళ్ళది."

"నేను ప్రెస్సోళ్ళ కాడ కొనలేదు గదా శెట్టప్పా."

మా మామగారు చెడ్డవారు కారు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఈ మాట చెప్పకుండా ఉండలేను. ఆయన గొంతు పెంచలేదు, అవతలి మనిషిని చులకన చేసి మాట్లాడలేదు. కానీ ఆ కాగితాలు ఎన్ని ఊళ్ళకు పోయాయో అప్పుడే ఆయన మనసులో లెక్క తిరుగుతూ ఉండాలి. ఈమెకు ఆ ధరకు ఇచ్చారని బజారులో తెలిస్తే తెల్లవారేసరికి గడప ముందు ఎంతమంది నిలబడతారోనని ఆయన భయం. అందుకే, ఇష్టం లేకపోతే తీసుకోవద్దమ్మా, సామాను ఇక్కడే పెట్టి పోవచ్చు, బలవంతమేమీ లేదు అన్నారు. అన్నాక ఆయన చూపు లోటాల మీద పడింది, ఆ తర్వాత నా మీద పడింది. అప్పటికే అన్నింటి మీదా గంగులమ్మ ఉంది, పూవు ఉంది. పోయిన మనిషి పేరు కొట్టిన లోటాలు ఇంకెవరు కొంటారు?

ఆమెకూ చదువు రాదు. కానీ గోడ మీద బోర్డులో ఏముందో సామాను ఏరుకునేటప్పుడే గుమాస్తాను అడిగి తెలుసుకుంది కాబోలు, చెయ్యి చాపి దాన్ని చూపించింది. "పేరు కొడితే వాపసు తీసుకోమని మీరే రాసిండారు. అంటే పేరు కొట్టినాక అది నాదే గదప్పా. నాది అయినాక నువ్వు రేటు పెంచితే ఎట్ల?"

మామగారు కాగితాన్ని మడతపెట్టి గద్దె మీద పెట్టారు.  అంగడి ముందు నలుగురూ పోగయ్యారు. ఒకరు ఆమె చెప్పిందే న్యాయమన్నారు, ఒకరు శెట్టి మాత్రం ఏం చేస్తాడు పాపం అన్నారు. పక్క మిద్దె మీద ఉండే వకీలాయన దిగి వచ్చి, కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, ఇప్పుడు గ్రాహకులకు చట్టం వచ్చింది, కోలారులో కోర్టు ఉంది, కేసు వేస్తే నువ్వే గెలుస్తావమ్మా అన్నాడు. అప్పటికి చిక్కబళ్ళాపుర ఇంకా జిల్లా కాలేదు, ఏ పని పడినా మాకందరికీ కోలారే గతి. ఆమె ఆయన ముఖం వైపు ఎంతో అలసటగా చూసింది. "రేపే మా అమ్మ యాడాది ఉండాది సామీ. నువ్వు కోలారులో కేసు గెల్చి ఇచ్చేలోపల మా అమ్మ రెండో యాడాది కూడా వచ్చి పోతాది" అంది. జనం నవ్వారు. ఆమె నవ్వలేదు.

మామగారు ఒక మెట్టు దిగారు. ఎక్కువైనదానిలో సగం ఇచ్చి తీసుకుపొమ్మన్నారు. కాగితంలోని ధరకు సరిపడా తెచ్చుకున్నదే తప్ప ఆమె కొంగులో బస్సు టికెట్టుకు మించి ఇంకేమీ లేదు. పోనీ తర్వాత తెచ్చియ్యి అన్నారు. దానికి ఆమె రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుంది. "అప్పు చేసి మా అమ్మ తిథి చెయ్యనప్పా. ఆ యమ్మ ఎవురికీ బాకీ పడి పోలేదు" అంది. చివరికి మామగారు నా వైపు తిరిగి, ఆ పేర్లు తీసేయడానికి వీలవుతుందా అని అడిగారు. మిషనుతోనే అడ్డంగా గీకేయొచ్చు, పేరు పోతుంది, గీతలు మిగులుతాయి అన్నాను. ఆ మాట పూర్తి కాకముందే ఆమె ఒక్క అడుగులో వచ్చి నా పీటకూ లోటాలకూ మధ్య నిలబడింది.

"ఇయ్యకపోతే మానండి. మా అమ్మ పేరు మాత్రం గీకొద్దండి."

చేళూరు మీదుగా బాగేపల్లి పోయే బస్సుకు వేళయింది, అది తప్పితే ఆమెకు ఆ రోజుకు ఇంకొక బస్సు లేదు. చేతిలో ఉన్న డబ్బుకు తూకం మీద ఎన్ని లోటాలు వస్తాయో అన్ని తక్కెడలో పెట్టమంది. మామగారు తూచారు. తూకం సరిపోయినా ఇంకొకటి వేశారు, అంతవరకే ఆయన చేతనైంది. ఆమె వాటిని పాత చీరముక్కలో మూట కట్టుకుంది. మిగిలినవి గంపెడు, అక్కడే ఉండిపోయాయి. మూట చంకనెత్తుకుని గడప దిగబోతూ, నా వైపు తిరిగి "బాగ రాసినావమ్మా" అంది. ఆ ఒక్క మాట అనకుండా పోయి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదేమో. ఆ రాత్రి వంట ఎలా చేశానో నాకే తెలియదు. మా అత్తగారు మాత్రం అన్నం వడ్డిస్తూ మామగారితో, ఊరంతా మీ పేరు చెప్పుకోవాలని కాగితాలేస్తిరి, ఇబుడు చెప్పుకుంటారులే అని ఒకే ఒక్క మాట అన్నారు. 

మర్నాడు పొద్దున్నే మామగారు పెయింటరును పిలిపించారు. బోర్డు కింద ఇంకొక వరుస చేరింది: డబ్బు కట్టిన తరువాతే పేరు కొట్టబడును. ఆ అచ్చుతప్పు నుంచి మా అంగడి నేర్చుకున్న పాఠం అది. ఇప్పటికీ తలుచుకుంటే నవ్వూ వస్తుంది, ఒళ్ళూ మండుతుంది.

ఆ గంప కొన్నాళ్ళు అంగడి అటక మీద ఉంది, తర్వాత ఇంటికి వచ్చింది. పారేయడానికి చేతులు రావు, కరిగించడానికి మనసు ఒప్పదు, అమ్ముదామంటే కొనేవాళ్ళు లేరు. మా అత్తగారు దేన్నీ ఊరికే పెట్టుకునే మనిషి కారు. ఒక పండగకు చుట్టాలు ఎక్కువై గ్లాసులు చాలక ఆ గంప కిందికి దించారు, అంతే, అవి మళ్ళీ పైకి ఎక్కలేదు. మా పిల్లలు ఆ లోటాల్లోనే పాలు తాగి పెరిగారు. గంగులమ్మ ఎవరని అడిగితే మీ తాతను అడగండి అనేవారు అత్తగారు.  మామగారు మాత్రం తన పాత ఇత్తడి చెంబుతోనే తాగేవారు, ఆ లోటాను పెదవికి తగలనిచ్చేవారు కారు.

ఇలా కొన్నేళ్ళు గడిచాయి. ఒక కార్తీకంలో మా వీధిలో సీతాఫలాల గంపామె అరుపు వినిపించి పిలిచాను. ఎండన పడి వచ్చింది పాపం, పళ్ళు ఏరుకుని డబ్బులిచ్చాక కొంచెం నీళ్ళు ఇయ్యమ్మా అంది. లోపలికి వెళ్ళి చేతికందిన లోటాలో నీళ్ళు తెచ్చి ఇచ్చాను. ఆమె తాగబోయి ఆగింది. లోటాను కొంచెం వంచి చూసింది, వేలితో తడిమింది. అప్పుడు గుర్తుపట్టాను నేను.  ఇప్పుడు ఈమె తిడుతుంది, తిట్టనీ, తిట్టడమే న్యాయం అనుకుంటూ ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాను. ఆమె తీరిగ్గా నీళ్ళన్నీ తాగింది, కొంగుతో మూతి తుడుచుకుంది.

"మా అమ్మ మీ ఇంట్లో బాగనే ఉండాదే" అంది.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు, అదే నన్ను కుదిపేసింది. గబగబా లోపలికి పోయి ఉన్న లోటాలన్నీ పోగు చేసి తెచ్చి ఆమె ముందు పెట్టాను, తీసుకుపో తల్లీ, నీకు పుణ్యముంటుంది అన్నాను. ఆమె గడప మీద కూర్చుని చెప్పుకొచ్చింది. ఆ రోజు తిథికి వచ్చినవాళ్ళలో సగం మందికి చాలలేదట. గంజి కాచిన పక్కింటామెకు ఇచ్చి, బండి ఆయనకు ఇచ్చి, అత్తకు ఇచ్చి, తనకని ఒక్కటి కూడా మిగుల్చుకోలేదట. అందనివాళ్ళు ఏమీ అనలేదు గానీ, వట్టి చేతులతో పోతూ పోతూ ఒక్కసారి వెనక్కి తిరిగి చూశారట. ఆ చూపు మరిచిపోలేనమ్మా అంది.

"అపుడు ఇచ్చేదానికి మనుషులుండ్రి. మా అమ్మ పూలు తలలో పెట్టుకున్నోళ్ళు. ఇబుడు సగం మంది బెంగళూరు పోయిండారు, కొందరు పోనే పోయిండారు. ఇవన్నీ ఎత్తకపోయి ఎవురికియ్యాల? మీరు తాగతాండారు గదా, తాగండి. నాకు ఒగటి చాలు."

నీళ్ళు తాగిన లోటానే చేతిలో పట్టుకుంది. తీసుకో అన్నాను. ఊరికే తీసుకోనంటూ తల ఊపింది. నా ముఖంలోకి చూసింది, మొదటిసారి నవ్వింది. "కాగితంలో ఏసిన రేటుకే ఇస్తావా అమ్మా?" అని అడిగింది.

ఇస్తానన్నాను.  సీతాఫలాలకు నేనిచ్చిన డబ్బులోంచే ఆ ధర లెక్కపెట్టి నా అరచేతిలో పెట్టింది. ఇన్నేళ్ళయినా ఆ కాగితంలోని ధర ఆమె మరిచిపోలేదు, నేనూ మరిచిపోలేదు. వద్దని ఉంటే అది దానమయ్యేది, అందుకే తీసుకున్నాను. లోటాను గంపలో సీతాఫలాల మీద పెట్టుకుని, గంప నెత్తికెత్తమని నన్నే పిలిచింది. ఎత్తాను. వీధి చివరిదాకా పండో అని అరుచుకుంటూ వెళ్ళిపోయింది. ఆ తర్వాత మళ్ళీ కనబడలేదు.

సాయంత్రం మామగారు గల్లాపెట్టెతో ఇంటికి రాగానే ఆ డబ్బు ఆయన ముందు పెట్టి జరిగింది చెప్పాను. ఏ రేటుకిస్తివి అని అడిగారు. కాగితంలో వేసిన రేటుకే అన్నాను. ఆయన ఆ డబ్బు లెక్కపెట్టారు. తీసి గల్లాపెట్టెలో వేశారు. మంచినీళ్ళు అడిగారు. ఇత్తడి చెంబు తెస్తుంటే అది కాదు అన్నట్టు చెయ్యి ఊపి, నేల మీద పోగుగా ఉన్న లోటాల వైపు చూపించారు.

ఇప్పుడు మామగారూ లేరు, అత్తగారూ లేరు, అంగడీ లేదు. చింతామణి బజారులో ఆ చోట మొబైల్ ఫోన్లు అమ్ముతున్నారు. మా ఆయన పోయాక నేను చిక్కబళ్ళాపురలో అమ్మాయి దగ్గరికి వచ్చేశాను, వస్తూ ఆ లోటాలు కొన్ని తెచ్చుకున్నాను. తోమి తోమి పేరు అరిగిపోయింది, పూవు మాత్రం వెలుతురుకు పట్టి చూస్తే కొంచెం కనిపిస్తుంది.

నిన్న అమ్మాయి ఫోనులో మెసేజీ వచ్చింది. మీ ఫిర్యాదు పరిష్కరించబడింది అని ఉంది. ఎలా పరిష్కరించారో దానికీ తెలియదు, నాకూ తెలియదు. అటువైపు నిన్న పోయి చూసి వచ్చింది, ఫ్లాస్కు కింద అదే చీటీ ఉందట. మళ్ళీ ఫిర్యాదు రాస్తానంటోంది. రాయనీ, రాయాల్సిందే. మాకు అందని చట్టాలు, మాకు లేని ధైర్యం వాళ్ళకున్నాయి, నాకది సంతోషమే. అయితే మా మామగారు తప్పు చేసినా ఆ గద్దె మీదే కూర్చుని ఉన్నారు, ఆమె వేలు పెట్టి చూపించడానికి ఒక మనిషి ఉన్నాడు. ఎన్నేళ్ళు పట్టినా ఒక రోజు ఆ లోటాలో నీళ్ళు తాగడానికి ఒక మనిషి ఉన్నాడు. ఈ అంగడిలో ఆ సిస్టమ్ అనే ఆయనకు దాహమెప్పుడు వేస్తుందో, మంచినీళ్ళు ఎవరినడుగుతాడో నాకు తెలియదు. ఫ్లాస్కు కొనలేదు కాబట్టి అమ్మాయి ఈ పూట కూడా వేడినీళ్ళు గంగులమ్మ లోటాలోనే తెచ్చి ఇచ్చింది.